అద్దంలోంచి చూడండి... ఆచితూచి వెలిగించండి!

కెమెరా చేతిలో ఉంటే చాలదు. వ్యూఫైండర్‌లో చూడటం, బిల్టిన్ ఫ్లాష్‌ను అదుపులో పెట్టుకోవడం వస్తే పార్ట్‌టైమ్ సంపాదనకు దారి దొరుకుతుంది. బొగ్గు గనుల ప్రాంత యువతకు ఉపయోగపడే పాఠం ఇది.

డిగ్రీ చేతికొచ్చింది. నోటిఫికేషన్ ఎప్పుడో తెలియదు. ఇంట్లో అన్నయ్య ముచ్చటపడి కొన్న డీఎస్ఎల్‌ఆర్ అల్మారాలో మూలుగుతోంది. ఇంతలో పక్క క్వార్టర్ వాళ్లు వచ్చి ‘తమ్మీ, మా పాప తొట్టెల ఫంక్షన్ ఉంది. జర ఫొటోలు తీస్తవా?’ అన్నారు. మీరు సరేనని వెళ్లారు. వెనక స్క్రీన్ చూస్తూ చేతులు చాపి టకటకా కొట్టారు. గది కాస్త చీకటిగా ఉండటంతో ఫ్లాష్ తనంతట తనే పైకి లేచింది. ఇంటికొచ్చి కంప్యూటర్‌లో చూస్తే పాప ముఖం సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంది. వెనక కూర్చున్న చుట్టాలంతా చీకట్లో కలిసిపోయారు. నానమ్మ కళ్లు ఎర్రగా మెరుస్తున్నాయి.

వాళ్లు మొహమాటానికి ఏమీ అనరు. కానీ రెండోసారి పిలవరు. ఊళ్లో ఫొటోగ్రాఫర్‌కు పని వచ్చేది నోటి మాటతోనే. మొదటి పని బాగుంటే నాలుగు ఇళ్లకు పేరు పాకుతుంది. బాగోలేకపోయినా అంతే వేగంగా పాకుతుంది. పైగా తాళి కట్టే క్షణాన్ని, తొట్టెలో వేసే క్షణాన్ని మళ్లీ తెప్పించలేం. అందుకే ఖరీదైన లెన్సుల గురించి ఆలోచించే ముందు, కెమెరాతో పాటే వచ్చిన రెండు పరికరాలు నేర్చుకోండి. ఒకటి కన్ను ఆనించే వ్యూఫైండర్. రెండోది నెత్తిన ఉండే చిన్న ఫ్లాష్.

స్క్రీన్ ఉండగా ఈ కిటికీ ఎందుకు?

మధ్యాహ్నం పన్నెండింటికి రామగిరి ఖిల్లా మీద నిలబడి కెమెరా వెనక స్క్రీన్ చూడండి. ఏమీ కనబడదు. మీ ముఖమే అందులో కనిపిస్తుంది. ఎండాకాలంలో మన ప్రాంతపు ఎండ సంగతి చెప్పక్కర్లేదు కదా! వ్యూఫైండర్‌కు కన్ను ఆనిస్తే బయటి వెలుగు అడ్డు తగలదు. ఫ్రేమ్ నాలుగు మూలలూ స్పష్టంగా కనిపిస్తాయి.

రెండో లాభం కుదురు. స్క్రీన్ చూస్తూ తీసేటప్పుడు కెమెరా చాచిన చేతుల మీదే వేలాడుతుంది. వణుకు ఎక్కువ. అదే కంటికి ఆనిస్తే రెండు చేతులతో పాటు నుదురు కూడా ఆసరా అవుతుంది. మోచేతులు పక్కటెముకలకు ఆనించి, ఎడమ చేతిని లెన్స్ కింద పెట్టి, ఊపిరి సగం వదిలి మీట నొక్కండి. తక్కువ వెలుగులో ఫొటో చెదిరిపోవడం బాగా తగ్గుతుంది.

మూడోది బ్యాటరీ. డీఎస్ఎల్‌ఆర్‌లో వ్యూఫైండర్‌లో కనిపించేది అద్దాల గుండా వచ్చే అసలు దృశ్యమే. దానికి కరెంటు ఖర్చు దాదాపు ఉండదు. స్క్రీన్ ఆన్‌లో పెట్టి పనిచేస్తే బ్యాటరీ త్వరగా ఖాళీ అవుతుంది. ఫంక్షన్ మధ్యలో చార్జర్ కోసం వెతుక్కునే పని పెట్టుకోవద్దు.

మొట్టమొదట తిప్పాల్సిన చిన్న చక్రం

‘వ్యూఫైండర్‌లో అంతా మసకగా ఉంటుంది, అందుకే వాడను’ అనే కుర్రాళ్లు చాలామంది ఉంటారు. తప్పు కెమెరాది కాదు. వ్యూఫైండర్ పక్కనే చిన్న చక్రం ఒకటి ఉంటుంది. దాన్ని డయాప్టర్ అంటారు. మీ చూపుకు తగ్గట్టు కిటికీని సరిచేసేది అదే. మీట సగం నొక్కి, లోపల కింద కనిపించే అంకెల మీద చూపు నిలపండి. ఎదుటి దృశ్యాన్ని పట్టించుకోవద్దు. అంకెలు సూటిగా, పదునుగా కనిపించేదాకా చక్రం తిప్పండి. అంతే. కళ్లద్దాలు పెట్టుకునేవాళ్లకు పవర్ తక్కువైతే అద్దాలు తీసేసి కూడా వాడొచ్చు. పవర్ ఎక్కువైతే అద్దాలతోనే సరిచేసుకోండి. కెమెరా ఇంకొకరి చేతిలో పడి తిరిగొచ్చిన ప్రతిసారీ ఈ చక్రం కదిలిందేమో చూసుకోవాలి.

ఒక జాగ్రత్త. జూమ్ లెన్స్ పెట్టి వ్యూఫైండర్ గుండా సూర్యుణ్ని నేరుగా చూడొద్దు. భూతద్దం పెట్టి ఎండను కంట్లోకి పంపినట్టే అవుతుంది. కంటికి శాశ్వతంగా దెబ్బ తగలొచ్చు.

కిటికీలో కనబడేదంతా నిజమేనా?

పూర్తిగా కాదు. మొదటిసారి కొనేవాళ్లు ఎక్కువగా తీసుకునే చవక డీఎస్ఎల్‌ఆర్‌లలో వ్యూఫైండర్ నిలువునా అడ్డంగా ఫ్రేమ్‌లో 95 శాతం దాకానే చూపిస్తుంది. మిగతాది మీకు కనబడకుండానే ఫొటోలో పడుతుంది. అంచున కరెంటు స్తంభం, ఎవరిదో మోచేయి వచ్చి చేరేది అందుకే. తీశాక ఒకసారి స్క్రీన్ మీద అంచులు చూసుకోండి. అక్కర్లేనిది ఉంటే కత్తిరించుకోవచ్చు.

డీఎస్ఎల్‌ఆర్ కిటికీ దృశ్యాన్ని చూపిస్తుంది కానీ ఫొటో ఎంత వెలుగుతో వస్తుందో చూపించదు. దానికోసం లోపల కింద ఉండే చిన్న కొలబద్ద చూడాలి. ముల్లు సున్నా దగ్గర ఉంటే కెమెరా లెక్క ప్రకారం వెలుగు సరిపోయినట్టు. మిర్రర్‌లెస్ కెమెరాల్లో కిటికీ లోపల ఉండేది బుల్లి ఎలక్ట్రానిక్ తెర. ఫొటో ఎలా రాబోతోందో ముందే చూపిస్తుంది. కానీ ఫ్లాష్ వాడేటప్పుడు ఇదే చిక్కు తెస్తుంది. మాన్యువల్ సెట్టింగ్‌లో తెర నల్లగా మారి మనిషే కనబడడు. అప్పుడు మెనూలో ఎక్స్‌పోజర్ సిమ్యులేషన్ ఆపేస్తే కిటికీ మళ్లీ వెలుగుతుంది.

బొగ్గు ప్రాంతంలో ఉన్న మీరు గుర్తుపెట్టుకోవాల్సిన సంగతి ఇంకొకటుంది. కెమెరా మీటర్ దేన్ని చూసినా మధ్యరకం బూడిద రంగు అనుకుంటుంది. ఫ్రేమ్ నిండా బొగ్గు కుప్ప ఉంటే ‘అయ్యో, చీకటిగా ఉంది’ అనుకొని వెలుగు పెంచేస్తుంది. నల్ల బొగ్గు కాస్తా బూడిద కుప్పలా వస్తుంది. ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్‌ను మైనస్ ఒకటి దగ్గర పెట్టండి, నలుపు నలుపుగానే వస్తుంది. తెల్ల చీరలు, తెల్ల గోడలు ఫ్రేమ్ నిండా ఉంటే దీనికి రివర్స్. ప్లస్ వైపు జరపాలి.

చిన్న ఫ్లాష్‌కు చిన్న లెక్క

స్టేడియంలో గ్యాలరీ నుంచి ఫ్లాష్ కొట్టేవాళ్లను టీవీలో చూసే ఉంటారు. ఆ వెలుగు ముందు వరుస తలల దగ్గరే ఆగిపోతుంది. బిల్టిన్ ఫ్లాష్ సత్తా ఎంతో చెప్పే అంకెను గైడ్ నంబర్ అంటారు. కెమెరా మాన్యువల్‌లో రాసి ఉంటుంది. చిన్న కెమెరాల్లో ఇది సాధారణంగా 7 నుంచి 12 మధ్య ఉంటుంది. గైడ్ నంబర్‌ను అపెర్చర్ అంకెతో భాగిస్తే ఫ్లాష్ ఎన్ని మీటర్లు చేరుతుందో వస్తుంది. ఇది ఐఎస్‌వో 100 దగ్గర లెక్క.

మీ ఫ్లాష్ గైడ్ నంబర్ 10 అనుకుందాం. ఎఫ్/5 దగ్గర రెండు మీటర్లు. కిట్ లెన్స్‌ను పూర్తిగా జూమ్ చేస్తే అపెర్చర్ ఎఫ్/5.6కు పడిపోతుంది. అప్పుడు 1.8 మీటర్లే. ఐఎస్‌వోను నాలుగింతలు చేస్తే దూరం రెట్టింపవుతుంది. అంటే ఐఎస్‌వో 400 దగ్గర 3.6 మీటర్లు, 1600 దగ్గర ఏడు మీటర్ల పైచిలుకు. ఫంక్షన్ హాల్‌లో ఐఎస్‌వో 100 పెట్టి పది మీటర్ల అవతలి స్టేజీ మీద ఫ్లాష్ కొడితే ఎందుకు చీకటి వస్తుందో ఇప్పుడు అర్థమైంది కదా! ఐఎస్‌వో పెంచితే ఇంకో లాభం కూడా ఉంది. హాల్లో ఉన్న మామూలు లైట్ల వెలుగు కూడా ఫొటోలోకి వస్తుంది. వెనక చుట్టాలు చీకట్లో కలిసిపోరు.

దగ్గర ఉన్న మనిషి తెల్లగా మాడిపోతున్నాడా? ఫ్లాష్ ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ అని మెనూలో ఉంటుంది. మైనస్ ఒకటి పెట్టి చూడండి. ఫ్లాష్ మీద తెల్లటి టిష్యూ పేపర్ ఒక పొర కప్పితే వెలుగు తగ్గుతుంది. జుట్టుకుచ్చుల వాళ్లను గోడకు ఆనించి నిలబెట్టొద్దు. మీటరున్నర ముందుకు జరపండి. వెనక గోడ మీద పడే నల్లటి నీడ పోతుంది. లెన్స్ హుడ్ కూడా తీసేయాలి. లేదంటే ఫొటో కింది భాగంలో అర్ధచంద్రాకారంలో నీడ పడుతుంది.

కన్ను ఎర్రబడటానికి కారణం కెమెరా లోపం కాదు. చీకట్లో కంటిపాప పెద్దదవుతుంది. లెన్స్‌కు దగ్గర్లోనే ఉన్న ఫ్లాష్ వెలుగు కంటి వెనక రక్తనాళాలున్న పొరకు తగిలి నేరుగా వెనక్కి వస్తుంది. గదిలో లైట్లన్నీ వేయించండి, పాప చిన్నదవుతుంది. రెడ్ ఐ రిడక్షన్ పెడితే ముందు ఒక దీపం వెలిగి, క్షణం తర్వాత అసలు ఫ్లాష్ పడుతుంది. ఆ మొదటి వెలుగు చూసి ఫొటో అయిపోయిందనుకుని జనం కదిలిపోతారు. ‘రెండో లైటు పడేదాకా కదలకండి’ అని ముందే చెప్పండి.

ఇక్కడే వ్యూఫైండర్ ఒక సూచన ఇస్తుంది. డీఎస్ఎల్‌ఆర్‌లో ఫొటో పడే క్షణంలో లోపలి అద్దం పైకి లేస్తుంది, కిటికీ నల్లబడుతుంది. కాబట్టి ఫొటోలో పడే అసలు ఫ్లాష్ మీ కంటికి కనబడదు. కనబడితే అది వెలుగు కొలవడానికి కెమెరా ముందుగా వేసిన చిన్న మెరుపే. కొందరు దానికే రెప్ప వేసేస్తారు. గ్రూప్ ఫొటో ఎప్పుడూ ఒక్కటి తీసి ఊరుకోవద్దు. మూడు నాలుగు తీయాలి.

పట్టపగలు ఫ్లాష్ ఎందుకంటే...

ఎండలో హెల్మెట్ పెట్టుకున్న కార్మికుడిని ఫొటో తీయండి. హెల్మెట్ అంచు నీడలో కళ్లు మాయమవుతాయి. అప్పుడే ఈ చిన్న ఫ్లాష్ విలువ తెలుస్తుంది. నీడను నింపడానికి వాడే ఈ పద్ధతిని ఫిల్ ఫ్లాష్ అంటారు. అయితే చాలా కెమెరాల్లో ఫ్లాష్‌తో షట్టర్ వేగం 1/200 సెకను దగ్గర ఆగిపోతుంది. ఎండలో ఆ వేగానికి అపెర్చర్ ఎఫ్/11 దాకా మూయాల్సి వస్తుంది. పై లెక్క వేస్తే ఫ్లాష్ చేరేది మీటరుకు కాస్త లోపే. నీడ నింపడానికి కొద్ది వెలుగు చాలు కాబట్టి మీటరు, మీటరున్నర దూరంలో నిలబడితే పనవుతుంది. దూరం నుంచి జూమ్ చేసి కొడితే ఉపయోగం లేదు.

కార్మికుల జాకెట్ల మీద, హెల్మెట్ల మీద మెరిసే పట్టీలు ఉంటాయి కదా. వాటి పనే పడిన వెలుగును వచ్చిన దారినే వెనక్కి పంపడం. ఎదురుగా ఫ్లాష్ కొడితే పట్టీలు తెల్లగా పేలిపోయి, మనిషి చీకటైపోతాడు. అక్కడ ఫ్లాష్ ఆపేసి నీడపట్టున నిలబెట్టండి. గాలిలో ధూళి ఉన్నచోట కూడా ఫ్లాష్ వద్దు. లెన్స్ ముందున్న దుమ్ము కణాలు వెలిగి ఫొటో నిండా తెల్ల చుక్కలు వస్తాయి.

బతుకమ్మ సాయంత్రాల్లో మాత్రం స్లో సింక్ అనే సెట్టింగ్ ప్రయత్నించండి. షట్టర్ కాస్త ఎక్కువసేపు తెరిచి ఉంటుంది. వెనక దీపాల వెలుగు, ఆకాశపు నీలం ఫొటోలోకి వస్తాయి. ముందున్న ఆడపడుచుల ముఖాలను ఫ్లాష్ నిలబెడుతుంది. చేతులు కుదురుగా ఉండాలి. అందుకు కన్ను ఆనించే అలవాటు మళ్లీ అక్కరకొస్తుంది.

గనిలోకి మాత్రం వద్దే వద్దు!

సింగరేణి ఇంట్లో పుట్టిన పిల్లలకు ఈ మాట కొత్త కాదు. అయినా చెప్పుకోవాలి. ‘నాన్న పనిచేసే చోటు ఫొటో తీస్తే ఎంత బాగుంటుంది’ అనిపించడం సహజం. కానీ అండర్‌గ్రౌండ్ గనిలోకి మామూలు కెమెరా, ఫోన్ తీసుకెళ్లడం నేరం, ప్రాణాంతకం.

కారణం ఫ్లాష్ లోపలే ఉంది. ఆ చిన్న డబ్బాలోని కెపాసిటర్ దాదాపు 300 వోల్టుల చార్జ్ దాచుకుంటుంది. వెలిగించడానికి అంతకు ఎన్నో రెట్ల వోల్టేజీ క్షణంపాటు పుడుతుంది. బొగ్గు పొరల్లోంచి మీథేన్ వస్తుంది. గాలిలో అది 5 నుంచి 15 శాతం మధ్య ఉంటే ఒక్క నిప్పురవ్వ చాలు. బొగ్గుధూళి తోడైతే పేలుడు ఇంకా దూరం పాకుతుంది. 1965 మే 28న ఇప్పటి జార్ఖండ్‌లోని ధోరీ గనిలో జరిగిన పేలుడు 268 మందిని బలి తీసుకుంది. 1815లో హంఫ్రీ డేవీ జాలీ చుట్టిన దీపం తయారుచేసిన నాటి నుంచి గని చరిత్రంతా మంటను, రవ్వను దూరం పెట్టే ప్రయత్నమే. అందుకే దిగేముందు తనిఖీలో అగ్గిపెట్టె, బీడీ కూడా వదిలేయాలి. ధన్‌బాద్‌లో కేంద్ర కార్యాలయం ఉన్న గనుల భద్రతా డైరెక్టరేట్ జనరల్ ఆమోదించిన పరికరాలకే లోపల చోటు.

ఓపెన్ కాస్ట్‌లో గ్యాస్ భయం అంత లేకపోయినా యాజమాన్యం అనుమతి లేకుండా ఫొటోలు తీయొద్దు. డంపర్ నడిపే ఆపరేటర్ కళ్లలో రాత్రిపూట ఫ్లాష్ కొడితే ఏమవుతుందో ఊహించండి. థర్మల్ ప్లాంట్ల దగ్గర కూడా అంతే, అనుమతి ఉంటేనే. ఇంకో మాట. పాడైన ఫ్లాష్‌ను స్క్రూడ్రైవర్‌తో విప్పొద్దు. బ్యాటరీ తీసేసినా కెపాసిటర్‌లో చార్జ్ మిగిలే ఉంటుంది, గట్టి షాక్ కొడుతుంది.

అయితే కార్మికుల జీవితం ఫొటో తీయలేమా? ఎందుకు తీయలేం! షిఫ్టు దిగి వచ్చేవాళ్లు, చాయ్ బండి, కాలనీ సాయంత్రాలు, అంగడి, ఇవన్నీ పైనే ఉన్నాయి. అమెరికాలోని పెన్సిల్వేనియాలో బొగ్గు ఏరే షెడ్లలో పనిచేసే చిన్నపిల్లలను 1911లో లూయిస్ హైన్ ఫొటో తీశారు. బాల కార్మిక వ్యవస్థకు వ్యతిరేకంగా సాగిన ప్రచారానికి ఆ ఫొటోలు బలమిచ్చాయి. ముందు మనుషులను అడిగి, ఆ తర్వాతే మీట నొక్కండి.

సంపాదన ఎక్కడ?

అన్నిటికంటే తేలిగ్గా మొదలయ్యేది దరఖాస్తు ఫొటో. మీ స్నేహితులందరూ పోటీ పరీక్షలకు అప్లై చేసేవాళ్లే. ముఖం మీద నీడ, వెనక గోడ మీద నీడ, మెరిసే కళ్లద్దాలు ఉంటే అప్‌లోడ్ చేసిన ఫొటో తిరస్కరణకు గురికావచ్చు. తెల్ల గోడకు మీటరున్నర ముందు మనిషిని కూర్చోబెట్టి, కిటికీ వెలుగు ముఖం మీద పడేలా చేసి, ఫ్లాష్‌ను మైనస్‌లో పెట్టి తీయండి. కళ్లద్దాల్లో మెరుపు వస్తే గడ్డం కాస్త కిందికి దించమనండి.

ఆ తర్వాత స్కూల్ ఐడీ కార్డులు, పుట్టినరోజులు, ఆన్‌లైన్‌లో అమ్మేవాళ్ల వస్తువుల ఫొటోలు. పెళ్లిళ్లకు నేరుగా ఒప్పుకోకుండా ముందు ఒక సీనియర్ దగ్గర అసిస్టెంట్‌గా పదీ పదిహేను ఈవెంట్లు చేయండి. 2027లో గోదావరి పుష్కరాలు వస్తున్నాయి. గోదావరి ఒడ్డున ఉన్న మన ప్రాంతంలో ఫొటోగ్రాఫర్లకు చేతినిండా పని ఉండే రోజులవి. ఇప్పటి నుంచి నేర్చుకుంటే అప్పటికి సిద్ధం కావచ్చు.

అమ్మాయిలకు ఇక్కడ ప్రత్యేకంగా అవకాశముంది. మెహందీ, హల్దీ, సీమంతం లాంటి చోట్ల మహిళా ఫొటోగ్రాఫరే కావాలనే కుటుంబాలు ఉన్నాయి. ఇది కొత్తేమీ కాదు. నిజాం ఆస్థాన ఫొటోగ్రాఫర్ రాజా దీన్‌దయాళ్ 1892లోనే హైదరాబాద్‌లో ఆడవాళ్ల కోసం ప్రత్యేక స్టూడియో తెరిచారు. అక్కడ ఫొటోలు తీసింది కూడా ఒక మహిళే.

పద్ధతిగా చదవాలనుకుంటే దారులున్నాయి. ఇంటర్ పాసైనవాళ్లకు హైదరాబాద్‌లోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీలో ఫొటోగ్రఫీ, విజువల్ కమ్యూనికేషన్‌తో బీఎఫ్ఏ కోర్సు ఉంది. ప్రవేశానికి పరీక్ష రాయాలి. డిగ్రీ పూర్తయినవాళ్లు గాంధీనగర్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్ క్యాంపస్‌లో ఫొటోగ్రఫీ డిజైన్, పుణెలోని ఎఫ్‌టీఐఐలో సినిమాటోగ్రఫీ వైపు చూడొచ్చు. ఐటీఐల్లో డిజిటల్ ఫొటోగ్రాఫర్ అనే ఏడాది ట్రేడ్ ఉంది కానీ ప్రతి ఐటీఐలో ఉండదు, కనుక్కోవాలి. సొంతంగా చిన్న స్టూడియో పెట్టాలంటే ముద్ర పథకంలోని శిశు విభాగంలో 50 వేల రూపాయల దాకా రుణం కోసం బ్యాంకును అడగొచ్చు. అప్పు చేసి పెద్ద కెమెరా కొనడం మాత్రం మొదటి మెట్టు కాకూడదు.

ఏడు రోజుల సాధన

మొదటి రోజు: డయాప్టర్ సరిచేసుకోండి. స్క్రీన్‌ను తిప్పి మూసేయండి లేదా అట్టముక్క అంటించండి. వ్యూఫైండర్‌లోనే 50 ఫొటోలు తీయండి.

రెండో రోజు: ఇంట్లో ఒకరిని నిలబెట్టి ఒకటి, రెండు, మూడు, నాలుగు మీటర్ల దూరం నుంచి ఫ్లాష్‌తో తీయండి. టేపుతో కొలిచే తీయాలి. మీ ఫ్లాష్ హద్దు ఎక్కడో కాగితం మీద రాసుకోండి.

మూడో రోజు: అదే మనిషిని ఐఎస్‌వో 100, 400, 1600 దగ్గర తీసి పోల్చండి.

నాలుగో రోజు: మధ్యాహ్నం టోపీ పెట్టిన మనిషిని ఫ్లాష్‌తో, ఫ్లాష్ లేకుండా తీయండి.

ఐదో రోజు: నలుగురు స్నేహితులకు దరఖాస్తు ఫొటోలు ఉచితంగా తీసివ్వండి.

ఆరో రోజు: తెల్లవారుజామున రామగిరి ఖిల్లా వైపు వెళ్లండి. కోట గోడలు, కొండ, మంచు... ఫ్లాష్ అస్సలు వాడొద్దు. శ్రావణంలో అయితే జనసందడి కూడా దొరుకుతుంది. దుమ్మున్న చోట లెన్స్ మార్చొద్దు. వ్యూఫైండర్ మీద బొగ్గుధూళి ఉంటే ముందు బ్లోయర్‌తో ఊదండి, తర్వాతే తుడవండి. నేరుగా గుడ్డతో రుద్దితే గీతలు పడతాయి.

ఏడో రోజు: వారం తీసినవాటిలో పన్నెండు మాత్రమే ఉంచి మిగతావి పక్కన పెట్టండి. ఆ పన్నెండే మీ మొదటి పోర్ట్‌ఫోలియో. ఊళ్లో మంచి పేరున్న స్టూడియో సీనియర్‌కు చూపించి ‘అన్నా, ఏం తప్పుంది?’ అని అడగండి. ఆయన చెప్పింది రాసుకుని, మళ్లీ వారం ఆ తప్పు మీదే పనిచేయండి. పక్క క్వార్టర్ వాళ్ల పిలుపు ఎప్పుడొచ్చినా అప్పుడు ధైర్యంగా సరే అనొచ్చు.